కంబళి దిగి చెప్పిన మాట

మా కాలేజీలో జిల్లా దినోత్సవానికి వ్యాఖ్యానం చేసే పని నాకు అప్పగించారు. మామూలుగా నేను నలుగురిలో నోరు విప్పలేను. చేతిలో రాసుకున్న కాగితం ఉంటే మాత్రం, కళ్ళు దాని మీదే పెట్టుకుని చదివేస్తాను. నాకు డైరీ రాసే అలవాటు, లైబ్రరీలో మూలన కూర్చునే అలవాటు ఉన్నాయని మా తెలుగు మేడంకు తెలుసు. అందుకే నన్ను ఎంచుకున్నారు.

కార్యక్రమానికి రెండు వారాల ముందు ఆమె నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు.

"మీది మడకశిర వైపు కదమ్మా. అక్కడ గొర్రెలు కాసేవాళ్ళు ఉంటారు. ఒకాయన్ని కంబళితో సహా రప్పించు. స్టేజీ మీద కూర్చోబెట్టి మాట్లాడిద్దాం. మన కరువు నేల మీద బతికినవాళ్ళ గురించి పిల్లలకి తెలియాలి."

"అడుగుతాను మేడం" అన్నాను. మా నాయనే గొర్రెలు కాస్తాడని అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

దానికి కారణం మొదటి సంవత్సరంలో ఉంది. అవ్వ వడికిన ఉన్నితో నేయించిన నల్ల కంబళి ఒకటి హాస్టల్‌కి తెచ్చుకున్నాను. విప్పి మంచం మీద పరిచేసరికి పక్క మంచం అమ్మాయి ముక్కు పట్టుకుని, "ఎవురే గొర్రెను రూములోకి తోలుకొచ్చింది" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాతి సెలవులకి కంబళిని ఇంట్లో వదిలేసి, పూల దుప్పటి కొనుక్కుని వచ్చాను. మీ నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే వ్యవసాయం అని చెప్పడం అప్పుడే మొదలైంది. మాకు సెంటు భూమి లేదు.

ఊర్లో ఇంకెవరినైనా పంపమని అడగడానికి నాయనకు ఫోన్ చేశాను.

"యాడుండారు పాపా, అందరూ మందల్ని తోలుకోని మేత కోసరం పోయినారు. మన మందను కూడా మీ చిన్నాయనే తోలుకపోయినాడు. నాకు మోకాలు నొప్పి అని నేనొక్కన్నే ఈడ ఉండాను. నేనొస్తాలే. మీ కాలేజీ చూసినట్టు కూడా ఉంటాది."

మూడేళ్ళలో నాయన ఒక్కసారి కూడా కాలేజీకి రాలేదు. రావద్దని నేనెప్పుడూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. ఇప్పుడు వద్దనడానికి నోరు రాలేదు.

ఆ రోజు తెల్లారి బస్సుకే వచ్చేశాడు. ఉతికిన పంచె, భుజాన మడిచిన కంబళి, చేతిలో కర్ర. గేటు దగ్గరి నుంచి క్యాంటీన్ వెనక ఉన్న బెంచీ దాకా నేను రెండు అడుగులు ముందే నడిచాను. నాయన కూర్చున్నాక చెప్పాను.

"నాయనా, నువ్వు మా నాయనవని ఈడ ఎవురికీ చెప్పలేదు."

నాయన నా ముఖం వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

"పోటీలాంటిది ఏమన్నా ఉండాదా?" అన్నాడు. "సొంతోళ్ళని పిల్చుకొస్తే ఒప్పుకోరేమో."

"అవును నాయనా."

"అంతే కదా. దానికేమిలే. నేనూ నిన్ను మేడం అంటా." నవ్వాడు. "టీ తాగినావా మేడం?"

సాకు ఆయనే వెతికి చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను.

సభ మొదలైంది. ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. జిల్లాను రెండుగా విడగొట్టినా మనసులు విడిపోలేదని ఆయన అంటే పిల్లలు ఈలలు వేశారు. తర్వాత నాయన వంతు. కుర్చీ వేస్తే వద్దని, చెప్పులు విడిచి, కంబళి నాలుగు మడతలు వేసి పరిచి దాని మీద కూర్చున్నాడు. నేను మైకు ముందు నిలబడి కాగితం చదివాను.

"మడకశిర ప్రాంతం నుంచి వచ్చిన ఈ పెద్దాయన తరతరాలుగా గొర్రెలు కాచే కుటుంబానికి చెందినవారు. వీరి పంచాయితీల్లో పెద్దలు కంబళి పరిచి కూర్చుంటారు. కంబళి మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడడు. ఆ నిజాయితీయే మన సీమ గర్వం."

చప్పట్లు మోగాయి. ఆ నాలుగు వాక్యాల కోసం నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. చాలా బాగా కుదిరాయని కూడా అనుకున్నాను.

అతిథి తన కుర్చీని నాయన దగ్గరికి జరుపుకున్నారు. మంచి మనిషి.

"ఎన్ని గొర్రెలున్నాయి పెద్దాయనా?"

"అట్ల ఎంచి చెప్పకూడదు సార్. ఉండాయి, మాకు సరిపోయేన్ని."

"మరి ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుంది? అన్నీ ఒకేలా ఉంటాయి కదా."

"మీకు అట్ల కనపడతాయి సార్. మీ ఆఫీసులో అందరూ ప్యాంటు షర్టే కదా, ఎవురు రాలేదో మీకు తెలీదా?"

హాలంతా నవ్వింది. అతిథి కూడా పడీ పడీ నవ్వారు. హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయి ముందు వరుసలోనే ఉంది. "బలే మాట్లాడతాండాడప్పా" అని పక్కనున్నామెతో అనడం నాకు వినపడింది. ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. మైకు నా చేతిలోనే ఉంది.

"పిల్లలెంతమంది? చదువుకుంటున్నారా?" అని అడిగారు అతిథి.

నాయన కర్ర ఊతంగా మెల్లగా లేచాడు. కంబళి మీది నుంచి దిగి, ఉత్త చెక్కల మీద నిలబడ్డాడు. పెద్దాయన మర్యాదకు లేచాడనుకుని, "కూర్చోండి, కూర్చోండి" అన్నారు అతిథి.

"ఒగడే కొడుకు సార్. పదో తరగతి. ఆడపిల్లలు లేరు."

అది చెప్పాక మళ్ళీ కంబళి మీద కూర్చోలేదు. వంగి దాన్ని తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు. ఇంటర్వ్యూ అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి అంశం నేను ప్రకటించాలి. ప్రకటించాను. ఆ హాల్లో అంతమందికీ కంబళి గురించి వివరించినదాన్ని నేనే. ఆయన ఎందుకు దిగాడో తెలిసినదాన్ని కూడా నేనొక్కదాన్నే.

భోజనానికి ఉండమంటే నాయన ఉండలేదు. బస్సు ఉండాదని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "బాగా చదివితివి పాపా. ఒక్క మాట కూడా తడబడలేదు" అన్నాడు.

నేను డైరీలో ఏదీ దాచను. ఆ రోజు పేజీలో మాత్రం 'కార్యక్రమం బాగా జరిగింది' అని ఒక్క వాక్యమే ఉంది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు స్టాఫ్ రూముకి వెళ్ళి, ఆయన మా నాయన అని మేడంకు చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుంటుందని కూడా అనుకున్నాను. ఆమె నవ్వారు.

"అయ్యో పిచ్చిదానా, ముందే చెప్పుంటే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించేదాన్ని కదా. ఆ సార్‌కి కూడా చెప్తానుండు, సంతోషపడతారు."

నేను మూడేళ్ళు భయపడింది ఇంత తేలికైన దానికా అనిపించింది. మధ్యాహ్నానికి క్లాసులో అందరికీ తెలిసిపోయింది. నా పక్క మంచం అమ్మాయి, "మీ నాయనంట కదే, చెప్పనే లేదు" అని నా వీపు మీద ఒకటి వేసింది. అంతే. ఎవరూ ముక్కు పట్టుకోలేదు.

సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. తేలికైన మనసుతోనే చేశాను. అందరికీ చెప్పేశానని, మేడం సంతోషపడ్డారని, ఆ రోజు తప్పు చేశానని గబగబా చెప్పాను.

"ఆ సార్‌కి కూడా తెలిసెనా?"

"మేడం చెప్పింటుంది నాయనా."

"ఎంత పని చేస్తివి పాపా." గొంతులో కోపం లేదు. "ఆడపిల్లలు లేరని అంతమందిలో చెప్తిని. ఇప్పుడు నేను అబద్దాలోన్ని అయితిని కదా. కంబళి దిగే చెప్పినా, కానీ వాళ్ళకేమి తెలుస్తాది దిగినానని."

ఈ సంగతి నాకు తట్టనే లేదు. చెప్పేస్తే నా బరువు దిగుతుందనే చూసుకున్నాను గానీ, అది ఎవరి భుజాల మీద పడుతుందో చూసుకోలేదు. మేడంకు మళ్ళీ చెప్తానన్నాను. ఆయన ఎందుకు లేచాడో అందరికీ చెప్తానన్నాను.

"వద్దులే. ఇంగ ఎవురికీ ఏమీ చెప్పాకు."

ఆ తర్వాత మోకాలి నొప్పి తగ్గిందని, రేపో ఎల్లుండో మంద దగ్గరికి పోతానని చెప్పాడు. ఫోన్ పెట్టేసే ముందు, ఎప్పటిలాగే, తిన్నావా అని అడిగాడు.

తిన్నానని చెప్పాను. తినలేదు.