మామయ్య బండి విప్పిన రోజు

మొన్న తాడేపల్లిగూడెంలో నా స్కూటర్ రిపేరుకిచ్చి కూర్చుంటే, మెకానిక్ పళ్లెంలో కిరసనాయిలు పోసి బేరింగులు కడిగాడు. ఆ వాసనకి గణపవరంలో మా మేనత్త వాకిలి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. మామయ్య జ్వరంతో పోయి కొన్ని నెలలైంది. ప్రభువు దగ్గరికెళ్లాడని నాకు చెప్పారు. అదేదో ఏలూరు లాంటి ఊరనుకున్నాను. ఆయన మోటార్ సైకిల్‌ని అత్తయ్య రోజూ తుడిచేది.

నాన్న పాత బండికి వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ విరిగింది. ఆ మోడల్‌ది ఎక్కడా దొరక్క, మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చి, అత్తయ్య వాకిట్లో బిగుసుకున్న బోల్టులకి కిరసనాయిలు పోయించి మామయ్య బండిది విప్పించారు.

"ఇది వేరే మోడల్‌దండీ. చివర కోస్తేగానీ మీ బండికి పట్టదు. కోశాక మళ్లీ దీనికి పనికిరాదండి" అన్నాడు మెకానిక్.

"దీన్నింకెవడు నడుపుతాడు? కొయ్యి."

"అన్నయ్యా, ఆయన బండొక్కటీ అలా ఉండనియ్యి" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"ఉంచుకుని ఏం చేస్తావు, కాపురమా?" అన్నారు నాన్న.

అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది. బండి బాగుచేస్తున్నారనుకుని నేను సంతోషంగా ఆమె వెనకే పరుగెత్తాను.

"మామయ్య వచ్చేస్తున్నాడా అత్తయ్యా?"

ఆమె నా నోటిమీద చెయ్యి పెట్టింది. బయట రంపం చప్పుడు ఆగేదాకా తియ్యలేదు.

తరవాత చాలా ఏళ్లు మేమంతా నాన్న బండిమీదే అత్తయ్య ఇంటి ముందునుంచి ఆదివారం చర్చికి వెళ్లాం. ఆ బండి చప్పుడు వినగానే అత్తయ్య తలుపు వేసుకునేది.

"చూశారా దాని పొగరు?" అనేవారు నాన్న.

పెద్దయ్యేదాకా నేనూ అది పొగరే అనుకున్నాను.