ఎడమ వైపు చేపలు

పక్కింట్లో ఎండుచేపలు వేపుతున్నారు. ఆ వాసన గోడ దూకి, ఎవరినీ అడక్కుండా నేరుగా వచ్చి నా తలగడ మీద కూర్చుంది. సగం నిద్రలో కళింగపట్నం ఇసుక తేలి వచ్చింది. ఆ ఇసుక మీద వెండిలా మెరిసే చేపల వరసలు, వాటి మధ్య నడుం మీద చెయ్యేసుకుని ఎర్రమ్మ పిన్ని.

పిన్ని మాకు చుట్టం కాదు, పొరుగు. పిల్లలు లేరు. చేపలు ఎండబెట్టి అమ్మేది. ఆమె గొంతెత్తితే సముద్రం ఒక అడుగు వెనక్కి తగ్గేదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. ఆమె చెప్పే కథలో చేప పొద్దున మూరెడు, మధ్యాహ్నం బారెడు, దీపాల వేళకు పడవనే మింగేసేది. "ఉన్నది ఉన్నట్టు సెప్తే ఎవుడింటాడ్రా?" అనేది. నేను రాసే హాస్యమంతా ఆమె పెట్టిన భిక్షే.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనై, అంతా నయమైందనుకున్న కొన్నేళ్లకి, వేసవిలో చేపల వేట ఆపేసే నిషేధానికి ముందు ఒక ఉదయం ఆమె చేపల్ని తిరగేసింది. ప్రతి వరసలోనూ కుడి సగమే. ఎడమ సగం కాకులకి విందైపోయింది. ఆ పూట అవి ఎగరలేక ఇంటికి నడిచి వెళ్లాయి.

"పిన్నీ, ఆ పక్కవి మర్సిపోయావేటి?"

"ఏ పక్కవిరా? అన్నీ తిప్పీసినాను. నీ కళ్లకేటయినాది?"

నేను నవ్వాను. ఆమె తల ఎడమకి తిప్పింది. ఆ చేపలు అప్పుడే ఇసుకలోంచి పుట్టుకొచ్చినట్టు ఉలిక్కిపడింది.

శ్రీకాకుళంలో స్కాన్ తీశారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచారు. రొమ్ములో వచ్చిన క్యాన్సరే ఇప్పుడు మెదడు వెనక భాగానికి పాకింది, ఎడమ వైపు చూపు అందుకే పోతోంది అన్నారు. వాపు తగ్గడానికి మాత్రలు, ఆపైన విశాఖలో రేడియేషన్. పూర్తిగా నయం కాదు, కొంత కాలం, కొంత చూపు దక్కవచ్చు.

వరండాలోకి వచ్చేలోపు నరాల బలహీనతంటూ ఒక చక్కని కథ అల్లేశాను. పిన్ని నా మొహం చూసింది.

"ఒరే, సేపని పెంచినట్టు పెంచకు. తగ్గించకు. ఇది నా తలకాయి. ఉన్నదే సెప్పు."

బతుకులో మొదటిసారి కొలత తప్పకుండా చెప్పాను. ఆమె కూర్చున్న బల్ల అంచుని నిమిరింది.

"అయితే వేట మళ్లీ మొదలయ్యేదాకా ఉంటానేటి?"

"ఉండొచ్చన్నారు. ఖాయంగా చెప్పలేమన్నారు."

"సాల్లే, పద."

రేడియేషన్ గదిలో తల కదలకుండా ఉంచడానికి, వేడి చేసి మెత్తబరిచిన ప్లాస్టిక్ జాలీని ఆమె మొహం మీద పరిచి అచ్చు తీశారు. "ఇన్నాళ్లూ నాను సేపలమ్మినాను. ఇపుడు నన్నే వలేసి పట్టీసినారు," అంది జాలీ తీయగానే. మిషను కూడా నవ్విందని నా అనుమానం.

చూపు కొంతే తిరిగొచ్చింది. మిగతాదానికి తలనే ఎడమకి తిప్పి వెతుక్కోమని అక్కడి నర్సు నేర్పింది. వేట మళ్లీ మొదలైంది. వానకీ వానకీ మధ్య కాసిన ఎండలో పిన్ని ఇసుక మీద చతికిలబడి, ఒక్కో వరసకీ మెడ తిప్పుతూ, ఎడమ చివరి చేపదాకా చెయ్యి చాచింది.

"ఇంకా ఉన్నాయేట్రా?"

"లేవు పిన్నీ."

"పెంచి సెప్తన్నావేటి?"

"లేదు. ఉన్నదే."

అప్పుడు నవ్వింది. చలికాలం రాకముందే వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఏదైనా రాసి ముగించబోతే నా మెడ దానంతటదే ఎడమకి తిరుగుతుంది. అక్కడ సున్నం రాలిన గోడ తప్ప ఏమీ ఉండదు. అయినా చివరిదాకా చూస్తాను.