టోబిన్ ఎందుకు కాదన్నాడు

2012 సెప్టెంబరులో న్యూకాసిల్‌లోని ఒక వీడియో గేమ్ స్టూడియోలో టెస్ట్ లీడ్‌గా చేరాను. అంతకుముందు పద్నాలుగేళ్లు బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించాను. యాభై రెండేళ్ల వయసులో కత్తులూ మంత్రాలూ ఉన్న ఆటలు పరీక్షించడానికి వెళ్తున్నానంటే మా ఆయన నవ్వారు. చేరాక చూస్తే పనిలో పెద్ద తేడా లేదు. ఏం జరగాలని కాగితం మీద ఉందో, తెర మీద అదే జరుగుతోందా లేదా చూడాలి. జరగకపోతే రిపోర్టు రాయాలి.

నా కింద తొమ్మిదిమంది టెస్టర్లు ఉండేవారు. అందరూ ఆరు నెలల కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో సిఫారసు చేసేది నేను, సంతకం పెట్టేది ప్రొడ్యూసర్ గ్రాహమ్. బడ్జెట్టూ గడువులూ ఆయన చేతిలో ఉండేవి. టెస్టర్లు రాసిన ప్రతి రిపోర్టుకూ ఒక తరగతి ఉంటుంది. ఆట ఆగిపోతే ఎ, ముఖ్యమైనదేదో తప్పుగా నడిస్తే బి, చిన్న లోపమైతే సి. చూసిన తరువాత లీడ్ దాన్ని బాగుచేయడానికి పంపాలి, లేదా ‘డిజైన్ ప్రకారమే’ అని రాసి మూసేయాలి. అంటే అది తప్పు కాదు, కావాలనే అలా పెట్టారని అర్థం. మూసిన రిపోర్టును టెస్టరు మళ్లీ తెరిస్తే లీడ్ నిర్ణయాన్ని ప్రశ్నించినట్టే.

అప్పుడు మా చేతిలో ఉన్నది రోల్ ప్లేయింగ్ ఆట. ఆడేవాళ్లు మొదట తమ పాత్రను తయారు చేసుకుంటారు. ఆడా మగా, ముఖం, జాతి అన్నీ వాళ్ల ఇష్టం. ఆ పాత్రతో ఆరుగురు సహచరులను వెంటబెట్టుకుని ఒక యుద్ధం దాటాలి. ఆ ఆరుగురిలో నలుగురితో ప్రేమకు అవకాశం ఉంది. వాళ్లకు సాయపడితే, చెప్పేది వింటే, లోపల కొన్ని పాయింట్లు పెరుగుతాయి. ఒక హద్దు దాటాక మనసు విప్పే సన్నివేశం వస్తుంది. అయితే ప్రతి సహచరుడూ ప్రతి పాత్రనూ ప్రేమించడు. ఎవరికి ఎవరితో తలుపు తెరిచి ఉందో, ఎవరితో మూసి ఉందో తెలిపే పట్టిక ఒకటి గోడమీద ఉండేది. మా పరీక్షకు అదే ఆధారం.

మరుసటి ఏడాది మార్చిలో ఒక రిపోర్టు వచ్చింది. దాని శీర్షిక, ‘టోబిన్ అబద్ధం ఆడుతున్నాడు.’

రాసినది కరుణ. సొంతూరు కరీంనగర్. భర్త న్యూకాసిల్‌లోని పెద్దాసుపత్రిలో జూనియర్ డాక్టరు. ఈ దేశంలో ఆమెకు ఇదే మొదటి ఉద్యోగం. ఆ ఊళ్లో ఇలాంటి స్టూడియోలు ఎక్కువ లేవు గనుక ఇది పోతే వెంటనే ఇంకొకటి దొరికే పరిస్థితీ లేదు. ఆఫీసులో అందరిలాగే నన్ను పద్మా అని పిలిచేది. తెలుగులోకి మారితే మాత్రం ఆంటీ అనేది. మనిషి పొట్టి, అయిదడుగులకు బాగా తక్కువ. మాటలో, పనిలో తొణుకు లేదు.

టోబిన్ మా ఆటలో ఒక సహచరుడు. పడవ నడిపేవాడు, తమ్ముణ్ణి యుద్ధంలో పోగొట్టుకుని సైన్యంలో చేరినవాడు. కరుణ అతనితో గనివాసి స్త్రీగా ఆడింది. గనివాసులంటే మా ఆటలో భూమి కింద బతికే పొట్టి జాతి. పాయింట్లు నిండాయి. యుద్ధం అయ్యాక నిన్ను నా పడవలో సముద్రం దాకా తీసుకెళ్తానని అతనే అన్నాడు. తీరా రేవు దగ్గర సన్నివేశంలో, ‘నువ్వు నాకు మంచి స్నేహితురాలివి, అంతకు మించి ఏమీ లేదు’ అని వెళ్లిపోయాడు. ముందు చెప్పిన మాటకూ ఈ మాటకూ పొంతన లేదు కాబట్టి ఇది బి తరగతి లోపం అని ఆమె వాదన. రిపోర్టుకు పదకొండు సేవ్ ఫైళ్లు, అంటే పదకొండుసార్లు ఆడి దాచిన ఆటలు, జతచేసింది.

నేను పట్టిక చూశాను. టోబిన్‌కూ గనివాసులకూ మధ్య గడి మూసి ఉంది. శీర్షికలో ఆరోపణలు ఉండకూడదు, జరిగినది మాత్రమే ఉండాలని ఒక వాక్యం రాసి, తరగతిని సికి దించి ‘డిజైన్ ప్రకారమే’ అని మూసేశాను. మర్నాడు ఆమె మళ్లీ తెరిచింది. మళ్లీ మూశాను. ఆ శుక్రవారం ఇంకోసారి తెరిచింది. గ్రాహమ్ నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయికి పద్ధతి అర్థమైందా అని మర్యాదగానే అడిగారు. ఆమె కాంట్రాక్టు ముగియడానికి ఏడు వారాలు ఉన్నాయి. ఆ ప్రశ్నకు అర్థమేమిటో నాకు తెలుసు.

ఆమెను ఆఫీసు వంటగదిలోకి పిలిచాను. గడిలో మూసి ఉందని రాసి ఉంటే మూసి ఉన్నట్టేనమ్మా, ఇంకోసారి తెరిస్తే నిన్ను వెనకేసుకు రావడం నాకు కష్టమవుతుందని చెప్పాను. ఆమె టీ కప్పు పక్కన పెట్టింది.

“ఆయన వద్దంటే నాకేం బాధ లేదు ఆంటీ. మారా అందరినీ వద్దంటది. ఎందుకో చెప్తది. ఆమె మీద నేను ఒక్క రిపోర్టన్న రాసిన్నా? ఈయనకు ఎందుకు వద్దో ఈయనకే తెల్వదు. ఎవరో ఆయన నోట్ల పెట్టిన మాట అది.”

మారా అంటే మరో సహచరురాలు. భర్త పోయాక ఇక ఎవరినీ కోరుకోనని మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. ఆ మాట ఆమెదే అని ఎవరికైనా తెలుస్తుంది.

కరుణే మళ్లీ అంది, “మీరు ఒక్కసారి గనివాసి లెక్క ఆడి చూడుండ్రి. మొదటి నుంచి ఆడుండ్రి. అప్పుడు గూడ మూయమంటే నేనే మూస్త.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టెస్టర్లు ఆటను కథలా ఆడరు. ఒక రహస్య మెనూ ద్వారా కావలసిన సన్నివేశానికి దూకి, పాయింట్లు తామే నింపుకుని, తలుపు తెరుచుకుందా లేదా చూసి బయటికి వస్తారు. ఆరు నెలలుగా నేనూ అలాగే చూశాను. పరీక్షలో ఉన్న ఆటను భవనం దాటించకూడదు గనుక శని, ఆదివారాలు ఆఫీసుకు వచ్చి, గనివాసి స్త్రీని తయారుచేసుకుని, మొదటి నుంచి మామూలుగా ఆడాను.

టోబిన్ నాకు పడవ ముడులు నేర్పాడు. మీ భాషలో నీళ్లను ఏమంటారని అడిగి, ఆ మాట గుర్తుపెట్టుకుని మూడు సన్నివేశాల తరువాత వాడాడు. అతని తమ్ముడి చొక్కాను నదిలో వదిలినప్పుడు పక్కన నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం రేవు దగ్గరికి చేరాను. అతను ఆ వాక్యం చెప్పి వెళ్లిపోయాడు.

నాకు కలిగినది దుఃఖం కాదు. ఎక్కడ తప్పు చేశానా అని వెతకడం మొదలుపెట్టాను. వంతెన దగ్గర కోపంగా జవాబిచ్చానేమో అనుకుని వెనక్కి వెళ్లి, ఆ మాట మార్చి మళ్లీ ఆడాను. అదే జవాబు. ఇంకా వెనక్కి వెళ్లాను. మూడోసారి కూడా అతను అదే అన్నాక కరుణ పంపిన పదకొండు సేవ్ ఫైళ్లు గుర్తొచ్చాయి. అప్పటిదాకా అవి ఆమె మొండితనమని అనుకున్నాను. సోమవారం అడిగితే ఆమె అంది, “ముందు నా తప్పే అనుకున్న ఆంటీ. గందుకే అన్నిసార్లు ఆడిన.”

అప్పుడు నేను మొదట్లోనే చేయవలసిన పని చేశాను. టోబిన్ పాత్రను రాసిన ఆలిసన్‌ను కలిసి, గనివాసులను అతను ఎందుకు కాదంటాడని అడిగాను. ఆమెది పక్క ఊరు సండర్లాండ్. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. అతను కాదనడే అంది. పట్టిక చూపించాను. ఆ గడిని తాను మూయలేదనీ, ఆ స్నేహితురాలి వాక్యం తాను రాసినది కాదనీ, మూసిన గళ్లన్నిటికీ ఉమ్మడిగా వాడే మాట అనీ చెప్పింది. పైగా అతను నీళ్ల మాట అడిగేది గనివాసినే కదా, ఇంకెవరినీ అడగడు కదా అంది.

పాత మార్పుల జాబితా తిరగేస్తే విషయం తేలింది. రేవు సన్నివేశం చివర కౌగిలింత ఉంది. ఇద్దరూ నిలబడి ఉంటారు. గనివాసి అయితే ముఖం టోబిన్ నడుము పట్టీలోకి దూరిపోయేది. వేరే ఎత్తుకు కౌగిలింతను కొత్తగా చేయడానికి సమయం లేక, యానిమేషన్ లీడ్ కాలిన్ సలహా మీద గ్రాహమ్ ఆ గడిని మూశారు. పక్కన ఒక్క ముక్క రాసి ఉంది, ‘యానిమేషన్’ అని. రచయితల గదికి ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ అనుకోలేదు కూడా. ఆ వారం అందరూ ఇంకేదో గడువు వెంట పరుగెత్తుతున్నారు.

నేను సమావేశం అడిగాను. గ్రాహమ్, కాలిన్, ఆలిసన్, నేను. కాంట్రాక్టు టెస్టర్లను అలాంటి సమావేశాలకు పిలిచే ఆనవాయితీ లేకపోయినా కరుణను వెంట తీసుకెళ్లాను. కాలిన్ దాపరికం లేకుండా చెప్పాడు. కొత్త కౌగిలింతకు నాలుగు వారాలు కావాలి. ఆటలో కొత్తవేవీ చేర్చకూడదనే కంటెంట్ లాక్‌కు ఉన్నవి రెండే. గ్రాహమ్ కాస్త తటపటాయించి కరుణను అడిగారు, ఇది ఆమెకు వ్యక్తిగతమైన విషయమా అని. ఆమె ఎత్తు గురించే అడుగుతున్నారని గదిలో అందరికీ తెలిసింది. అడిగాక ఆయన ముఖమే ఎర్రబడింది.

కరుణ ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా జవాబిచ్చింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ దాదాపు అలాగే గుర్తున్నాయి.

“వ్యక్తిగతమే. కానీ రిపోర్టు అందుకు రాయలేదు. నన్ను కాదన్నవాళ్లు నా జీవితంలోనూ ఉన్నారు, వాళ్ల కారణం వాళ్లకు ఉండేది. ఈ ఆట కొనుక్కున్న మనిషి తనలో ఏదో లోపం ఉందనుకుని మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి వెతుకుతుంది. లోపం మన దగ్గర ఉంది. ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు.”

తరువాత కాలిన్, ఏం చేస్తే సరిపోతుందని ఆమెనే అడిగాడు. వాళ్లను కూర్చోబెట్టండి అంది కరుణ. రేవులో చెక్కబల్ల ఎలాగూ ఉంది. శిబిరంలో మంట చుట్టూ కూర్చునే కదలికలు అన్ని జాతులకూ ఇప్పటికే తయారై ఉన్నాయి. కూర్చుంటే ఎత్తుల తేడా సగం తగ్గుతుంది. తల భుజానికి ఆనితే చాలు.

కాలిన్ నోట్ పుస్తకంలో ఏదో గీసి, ఆ బల్ల ఎత్తుగా ఉంది, పాదాలు నేలకు ఆనవు కదా అన్నాడు. కరుణ లేచి సమావేశపు బల్ల మీద ఎక్కి కూర్చుంది. పాదాలు ఆననప్పుడు వీపు కొంచెం వెనక్కి పోతుందని, చేతులు రెండు పక్కలా ఆనుతాయని, మడమలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటామని చూపించింది. కాలిన్ అనుమతి అడిగి ఫోనులో వీడియో తీసుకున్నాడు. గ్రాహమ్ కాఫీ కప్పు పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చారు.

ఒక చిక్కు మిగిలింది. గనివాసులకు కూర్చునే సన్నివేశం, మిగతావారికి కౌగిలింత ఉంటే, తేడా అలాగే ఉండిపోతుందని ఆలిసన్ అంది. అందరికీ ఒకటే సన్నివేశం ఉండాలంటే ఆ కౌగిలింతను తీసేయాలి. దానిమీద కాలిన్ మూడు వారాలు పనిచేశాడు. స్టూడియోలో అందరూ మెచ్చుకున్న పని అది. అతను నోట్ పుస్తకంలో గీసినది మరోసారి చూశాడు. తరువాత, తీసేయండి, గురువారానికి కొత్తది చూపిస్తానన్నాడు. గ్రాహమ్ ఒప్పుకున్నారు. ఆ వారంలోనే టోబిన్‌కు గొంతు ఇచ్చిన నటుడు కొన్ని తిరుగు రికార్డింగులకు రావలసి ఉంది. ఆలిసన్ ఆ జాబితాలో ఒక వాక్యం చేర్చింది. “రా, కూర్చో. నిలబడి చెప్పే మాట కాదిది.”

గురువారం కాలిన్ చూపించాడు. టోబిన్ తన పక్కన చెక్క మీద చేత్తో తట్టి ఆ మాట అంటాడు. ఆమె ఎక్కి కూర్చుంటుంది. మడమలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటుంది. కాసేపు ఇద్దరూ నీళ్లను చూస్తారు. పొడుగు పాత్రలతో పెట్టి చూసినా కౌగిలింత కంటే ఇదే బాగుందని ఆలిసన్ అంది. కాలిన్ ఒప్పుకోలేదు, తన కౌగిలింతే బాగుండేదన్నాడు. కరుణ మూడుసార్లు నడిపి చూసి, తన రిపోర్టును తానే మూసింది. నేను దాని తరగతిని సి నుంచి బికి మార్చి సంతకం చేశాను. రికార్డులో ఉండాల్సింది అదే.

ఆమె కాంట్రాక్టు పొడిగించమని సిఫారసు చేశాను. గ్రాహమ్ ప్రశ్న వేయకుండా సంతకం పెట్టారు. రెండేళ్ల తరువాత భర్తకు వేరే ఊళ్లో పోస్టు రావడంతో ఆమె వెళ్లిపోయింది. అక్కడ ఇంకో స్టూడియోలో టెస్ట్ లీడ్ అయిందని తెలిసింది.

ఆ ఆటలో అన్నీ సరిచేశామని చెప్పలేను. పాత మార్పుల జాబితాలో ‘యానిమేషన్’ అని రాసి మూసిన గళ్లు ఇంకా నాలుగు దొరికాయి. వాటికి సమయం లేకపోయింది. ఆలిసన్ మాత్రం ఆ ఉమ్మడి వాక్యం తీసేసి, నాలుగింటికీ ఆయా పాత్రలు తమ నోటితో చెప్పగలిగే కారణాలు రాసింది. రెండు బాగా కుదిరాయి. రెండు కుదరలేదు.

2018లో పదవీ విరమణ చేసేదాకా నా విభాగంలో పట్టికకు రెండు గళ్లు అదనంగా ఉండేవి. ఎవరు మూశారు, ఎందుకు మూశారు. అవి ఖాళీగా ఉంటే ఏ టెస్టరు రిపోర్టునూ ‘డిజైన్ ప్రకారమే’ అని మూసే అధికారం నాకు లేదని నేనే నియమం రాసుకున్నాను. కాగితంతో తెర సరిపోయిందా అని చూడటమే నా పని అని అనుకుంటూ వచ్చాను. ఆ కాగితం రాసిన మనిషిని వెళ్లి అడగడం కూడా అందులో భాగమేనని ఈ వృత్తిలో పదిహేనో ఏట తెలిసింది. తెలియజేసినది నా కింద పనిచేసిన ఒక కాంట్రాక్టు టెస్టరు. అంతకుముందు ఆమె రిపోర్టును నేను రెండుసార్లు మూశాను.