సముద్రం వరస, గోదారి వరస

పాత చేపల మార్కెట్టు పోయిందని బాధపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జాకెట్టు కొలతలివ్వడానికి నా కొట్టుకి వచ్చి, మిషను పక్కన కుర్చీలో చేరబడి, "ఎంత కళగా ఉండేదండీ ఆ సందు! ఇప్పుడు చూడండి, ఎలా బోసిపోయిందో" అని నిట్టూరుస్తారు. వీళ్ళలో చాలామంది ముక్కుకి పమిట అడ్డం పెట్టుకోకుండా ఆ సందులో అడుగు పెట్టినవాళ్ళు కాదు. వానాకాలంలో మురుగునీళ్ళు పాదాల మీదుగా పారుతుంటే రాతిబండ మీద గొంతుక్కూర్చుని చేపలు అమ్మింది మా అత్తగారు. నీళ్ళలో నానినాని ఆవిడ కాలివేళ్ళ సందులు పుళ్ళు పడితే పసుపూ కొబ్బరినూనే కలిపి రాసింది నేను. కళ సంగతి నాకు చెప్పకండి అనాలనిపిస్తుంది. బేరం పోతుందని నోరు మూసుకుని మెడలో టేపు తీస్తాను.

అమలాపురం నడిబొడ్డున ఉన్న వీధులన్నింటికీ ఒకప్పటి మనుషుల పేర్లే. కంసాలి వీధిలో ఇప్పుడు ఒక్క కుంపటి లేదు, అన్నీ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లు. గానుగ వీధిలో నూనె వాసన పోయి పళ్ళ ఆసుపత్రులు వచ్చాయి. గాజుల వీధిలో మిగిలిన ఒకే ఒక్క గాజుల కొట్టువాళ్ళు కూడా సగం గదిలో జిరాక్సు మిషను పెట్టారు. పేర్లు మాత్రం ఎవరూ మార్చలేదు. కొత్తపేట బస్సు దిగి "కంసాలి వీధికి వస్తావా బాబూ" అని అడిగితే, "ఏమండీ, ఫోను పాడయ్యిందాండీ?" అంటాడు ఆటో అబ్బాయి. ఎవరూ దాన్ని వింతగా అనుకోరు.

మాది చేపల సందు. సందుకి ఒక పక్క సముద్రం వరస, రెండో పక్క గోదారి వరస. అంతర్వేది వైపు నుంచి వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళు సముద్రం వరసలో కూర్చుని చందువాలు, సొరపిల్లలు, ఎండు సావడాయిలు అమ్మేవారు. పి.గన్నవరం వైపు నుంచి వచ్చినవాళ్ళు గోదారి వరసలో కొర్రమీనులు, బొమ్మిడాయిలు, వాలుగలు అమ్మేవారు. ఇళ్ళు కూడా అంతే, మార్కెట్టు వెనకాల వాళ్ళ వీధి వాళ్ళది, మా వీధి మాది. రెండు వరసల మధ్య తట్టెత్తుకున్న మనిషి ఒకరు పక్కకి తిరిగి నడిచేంత చోటుండేది. అంత దగ్గర్లో కూర్చుని కూడా ఈ వరసకీ ఆ వరసకీ మాటల్లేవు. గోదారి చేప బురద కంపని వీళ్ళు, సముద్రం చేప ఇక్కడికొచ్చేసరికి ఐసు తప్ప రుచి ఉండదని వాళ్ళు. ఎప్పుడు మొదలయిందో, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

సముద్రం వరసలో కూర్చునే మా అత్తగారికి సరిగ్గా ఎదురుగా ఆవిడ ఈడుదే ఒకావిడ కొర్రమీనులు అమ్మేది. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ బతికారు గానీ ఒక్క మాట నేరుగా అనుకోలేదు. అనదలచుకున్నదంతా సందులో తిరిగే పిల్లికి చెప్పేవారు. "కొందరికి నోరే గానీ సరుకుండదే పిల్లీ" అని ఈవిడ. "సరుకున్నోళ్ళు ఈగలు తోలుకుంటా కూచోరే పిల్లీ" అని ఆవిడ. పిల్లి మాత్రం ఇద్దరి దగ్గరా తిని బలిసింది.

ఇక్కడ వాడుక సంగతి చెప్పాలి. మా మార్కెట్లో చేపలు కొనే ప్రతి ఇల్లూ ఎవరో ఒకరి వాడుక. వాళ్ళ అమ్మమ్మ ఎవరి దగ్గర కొందో మనవరాలూ వాళ్ళ దగ్గరే కొంటుంది. ఒకరి వాడుకని ఇంకొకరు పిలవకూడదు. కన్నెత్తి చూసినా తప్పే. పొరపాటున పిలిస్తే "వాడుక ఎత్తుకుంది" అంటారు. ఆ మాట పడ్డ మనిషి ఇంటికి పేరంటానికి పిలిచినా ఎవరూ వెళ్ళరు. ఎవరి చోటు వాళ్ళదై, కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా తమ మనిషి దగ్గరికి వచ్చేవాళ్ళు కాబట్టి, ఆ సందులో ఈ కట్టుబాటుకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

రోడ్డు వెడల్పు చేస్తారనీ, చేపలవాళ్ళకి వేరే చోట పెద్ద హాలు కట్టారనీ తెలిసిన రోజున మా అత్తగారు అన్నం ముట్టలేదు. "వాడుకలు చెదిరిపోతాయమ్మా. అవి తప్ప నాకేముంది?" అన్నారు. బేరం లేనప్పుడు ఇంట్లో కూర్చుని నా చేతి అన్నం తినననీ, అంతర్వేదిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతాననీ అన్నారు. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. మా ఆయన చేపల వ్యాను వేసుకుని వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటారు. ఆడదానికి కొట్టేమిటని అయినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నప్పుడు, నాకు మిషను కొనిచ్చి, ఈ కొట్టు పెట్టించి, "నా కోడలు కుట్టిన జాకెట్టు వేసుకోనోళ్ళు నాతో మాట్లాడక్కర్లా" అని మార్కెట్టంతా వినిపించేలా చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ లేని ఇల్లు నేను ఊహించుకోలేను. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే వెక్కిరిస్తారు.

సందు కొట్టేసిన రోజు మా అత్తగారు తను కూర్చునే నల్లటి బండని ఆటోలో వేయించుకుని ఇంటికి తెచ్చారు. ఆవిడ అత్తగారు కూడా ఆ బండ మీదే కూర్చుందట. వాకిట్లో ఒక వార పెట్టించారు. అదే రోజు ఆ సందు మొదట్లో ఉన్న నా కొట్టు ముందు మెట్లు కూడా పోయాయి. రోడ్డు పల్లంలోకి, కొట్టు మిట్ట మీదికి అయ్యేసరికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేశాను. పెద్దవాళ్ళు వస్తే చెయ్యి పట్టుకుని పైకి లాగాల్సి వచ్చేది.

కొత్త హాలు నిజంగా బాగుంది. తెల్ల టైల్స్ వేసిన గట్లు, కుళాయిలు, కాలవ, తల మీద ఫ్యాన్లు. తగువులు రాకూడదని చీట్లు తీసి చోట్లు ఇచ్చారు. దాంతో సముద్రమూ గోదారీ కలిసిపోయాయి. మా అత్తగారి పక్క గట్టు ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదనుకుంటాను. ఆ కొర్రమీనుల ఆవిడకే. ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్న మనిషి మోచెయ్యి తగిలేంత దగ్గరికి వచ్చింది.

మొదటి రోజు కొట్టు మూసి నేనూ వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. చప్పుడు లేదు. అంతమంది చేపలమ్మే ఆడవాళ్ళు ఒక్క కప్పు కింద కూర్చుని ఒక్క మాట మాట్లాడడం లేదు. కొనేవాళ్ళు వస్తున్నారు, తమ మనిషి కోసం వెతుక్కుంటూ గట్టు గట్టు దగ్గరా ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా అక్కడున్న ఆవిడ తలొంచుకుని చేపల మీద నీళ్ళు చల్లుకుంటోంది. వచ్చింది తన వాడుక కాదు కదా! చూస్తే పిలిచినట్టవుతుందని ఎవరికి వాళ్ళకి భయం. రిటైరయిన మేష్టారొకాయన హాలంతా ఒక చుట్టు తిరిగి, "ఏమర్రా, అందరూ మౌనవ్రతం పట్టేరా?" అని అడిగారు. ఆయన సంచీ దులుపుకుని కోడిమాంసం కొట్టుకి వెళ్ళిపోయారు.

కొత్త బిల్డింగు వచ్చేసరికి చేపలవాళ్ళకి పొగరెక్కిందని ఊళ్ళో మాట పుట్టింది. మా అత్తగారు రోజూ సగం తట్టతో తిరిగి వచ్చేవారు. ఉప్పు రాసి ఎండబెట్టగా మిగిలింది మేం తినేవాళ్ళం. చేపంటే పడి చచ్చే నేను కూడా పప్పుచారు కోసం మొహం వాచిపోయాను. మధ్యాహ్నాలు ఆవిడ వాకిట్లో ఆ బండ మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటే, అన్నానికి ఇంటికొచ్చి అది చూసి వెళ్ళిన నాకు కొట్టులో కుట్టు వంకర పోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "పిలవండి అత్తయ్యగారూ! ఎవరు ఆగితే వాళ్ళని పిలవండి."

"వాడుక ఎత్తుకోమంటావేంటమ్మా నన్ను?"

"పోనీ వాళ్ళ మనిషి ఎక్కడుందో చెప్పండి. చెప్తే తప్పు కాదు కదా!"

"మన వరసోళ్ళయితే చెప్తాను. గోదారోళ్ళతో నాకు మాటలేంటి? వాళ్ళు మాత్రం చెప్తన్నారేంటి?" అని లేచి వెళ్ళి, మేకుకి తగిలించిన సంచీ దించి, చీరలు మడతపెట్టి అందులో సర్ది, మళ్ళీ మేకుకే తగిలించారు. "అమావాస్య దాకా చూస్తాను. తర్వాత తమ్ముడికి కబురెట్టు."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ కట్టుబాటు పెట్టిన వాళ్ళెవరో దొరికితే నాలుగు దులిపేద్దామనిపించింది.

అమావాస్య ఇంకా దూరంగా ఉండగానే ఒక ఆదివారం నేను ఆవిడకి క్యారేజీ పట్టుకెళ్ళాను. హాలు గుమ్మంలో చెప్పులు కడుక్కుంటుండగా ముక్తేశ్వరం అమ్మగారు కనిపించారు. కొబ్బరితోటల వాళ్ళు, మా అత్తగారి వాడుకలన్నింటిలోకీ పాత ఇల్లు. ఆవిడ అప్పటికే మా గట్టు దాకా వెళ్ళారు గానీ మా అత్తగారు అక్కడ లేరు. హాలు ఆ చివర కుళాయి దగ్గర కత్తిపీట కడుగుతున్నారు, కుళాయి చప్పుడులో ఏమీ వినబడదు. అమ్మగారు పక్క గట్టు ముందు ఆగారు. "ఈ కొర్రమీను బాగుందే, ఎలా ఇస్తావు?" అన్నారు. గోదారావిడ తలెత్తలేదు. అమ్మగారు చిన్నబుచ్చుకుని, "పోనీలే, ఇష్టం లేకపోతే" అని వెనక్కి తిరిగారు. నేను గుమ్మంలోంచి పరిగెడదామంటే మధ్యలో జనం.

అప్పుడు గోదారావిడ తన గట్టు మీదికెక్కి నిలబడింది. హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"ఓ సముద్రం వదినోయ్! ముక్తేశ్వరం అమ్మగారొచ్చేరు! ఎల్లిపోతన్నారు, పరిగెత్తుకురా!"

హాల్లో కత్తులు ఆగిపోయాయి. మా అత్తగారు తడిచేతులతో, జారే టైల్స్ మీద, నేనెప్పుడూ చూడనంత వేగంగా వచ్చారు. "ఉండండమ్మగారూ, ఉండండి, ఇక్కడే ఉన్నాను!" అంటూ ఆయాసపడుతున్నారు. అమ్మగారు నవ్వేసి చందువాలు తూయించుకుని, ముక్కలు కొట్టించుకుని వెళ్ళారు. ఆవిడ వెళ్ళాక మా అత్తగారు తన గట్టు మీద కూర్చుని కాసేపు ఎదురుగా చూశారు. పిల్లికి చెబుదామంటే కొత్త హాల్లో పిల్లి లేదు. చివరికి పక్కకి తిరిగారు.

"నీ నోరు ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది, వదినా."

"రాకేం? నీ మీద అరిచీ అరిచీ పదును పెట్టాను కదా" అంది ఆవిడ.

జనాన్ని తప్పించుకుని అప్పటికి గట్టు దగ్గరికి చేరిన నేను క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అమ్మయ్య అనుకున్నాను. పైకే అనేశాననుకుంటాను, పక్కనున్న ముసలాయన నా వైపు విచిత్రంగా చూశాడు.

ఆ వారంలోనే గోదారావిడ లేనప్పుడు ఆవిడ వాడుక వస్తే మా అత్తగారు లేచి కేక పెట్టారు. అది చూసి ఇంకో ఇద్దరు, వాళ్ళని చూసి హాలంతా. పిలవకూడదన్న కట్టుబాటు అలాగే ఉంది, ఇప్పటికీ ఒకరి వాడుకని ఇంకొకరు తీసుకోరు. కానీ ఎవరి మనిషి వచ్చినా చూసినవాళ్ళు కేకేసి చెప్పాలి. "మేష్టారొచ్చేరు!" "ఆయ్, వస్తన్నాను!" కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడేదో పెద్ద గొడవ జరుగుతోందనుకుంటారు. సందు కళ గురించి నిట్టూర్చేవాళ్ళని ఒక్కసారి అక్కడికి వెళ్ళి నిలబడమంటాను, చెవులు చిల్లులు పడితే నా పూచీ కాదు.

అమావాస్య వచ్చి వెళ్ళింది. నేను గుర్తు చేయలేదు, ఆవిడా ఆ ఊసెత్తలేదు. ఒకరోజు పొద్దున్న చూస్తే మేకుకి సంచీ లేదు. అంతర్వేది వెళ్ళిపోయారనుకుని బస్టాండుకి పరిగెత్తబోయాను. తీరా చూస్తే అందులో చీరలు తీసేసి, గోదారావిడ కోసం మా పెరటి వంకాయలు వేసుకుని మార్కెట్టుకి పట్టుకెళ్ళారు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం నా కొట్టు ముందు ఆటో ఆగింది. మా అత్తగారు దిగారు, వెనకాలే ఇద్దరు మనుషులు ఆ నల్లటి బండని దింపారు. పక్క కొట్టులో పనిచేస్తున్న తాపీమేస్త్రిని పిలిచి, నా గుమ్మం కింద దాన్ని మెట్టుగా వెయ్యమన్నారు.

"అత్తయ్యగారూ, అది మీ అత్తగారు కూర్చున్న బండండీ. అందరూ చెప్పులతో తొక్కుతారు" అన్నాను.

ఆవిడ ప్లాస్టిక్ స్టూలుని కాలితో అవతలికి నెట్టారు. సిమెంటు తడి ఆరేదాకా అక్కడే నిలబడి మేస్త్రితో కబుర్లు చెప్పి, ఆరాక బండ మీద కాలు మోపి, నేను చెయ్యి అందించేలోపే కొట్టులోకి ఎక్కేశారు.

"తొక్కనీ అమ్మా. నాకక్కడ చోటు కుదిరింది, ఇంక నేనెక్కడికీ వెళ్ళను" అన్నారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.