తలుపు పక్క కుర్చీ

వాషర్‌మెన్‌పేట్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసే కొత్త డాక్టరు శ్రీప్రియ ఎక్కడికి వెళ్లినా తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. స్టెతస్కోపు మెడలో వేసుకోదు, కోటు జేబులో కుక్కుకుంటుంది. పోయిన నెల, చనిపోయిన రోగి తమ్ముడొకడు దాన్ని పట్టి లాగినప్పుడు పడిన చార ఆమె మెడ మీద ఇంకా మాసిపోలేదు. ఇప్పుడు లండన్ ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్షకు తయారవుతోంది. నిన్న క్లాసులో గిరి సారు, కోపంతో ఊగిపోతున్న రోగి బంధువుగా నటిస్తూ బల్ల మీద దబీమని చరిచాడు. ఇంగ్లీషులో సముదాయించాల్సిన శ్రీప్రియ చప్పున లేచి, కుర్చీని అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

“సుమ్మా, ఉత్తినే నటించినాను గదమ్మా! లండన్‌లో పేషెంటోళ్లు అరిస్తే ఇట్లనే పారిపోతావా?” అన్నాడాయన.

ఆమె కుర్చీ వదల్లేదు. “ఆడ నేను అరిస్తే ఎవురన్నా వస్తారా సార్?” అని అడిగింది.