నూటయాభై అండాయి

నైరోబీలో మా కరియోబాంగి పేటలో అండాయి ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. నూటయాభై ఎక్కడుంటాడంటే మాత్రం చపాతీలు కాల్చే ఆవిడ కూడా పని ఆపి దారి చూపిస్తుంది.

ఇరవై రెండేళ్ళ కిందట కకమెగా నుంచి నైరోబీకి కూలి పనికి వచ్చిన మనిషి, రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని జిమ్ పెట్టాడు. ఇనుప బరువులు కొనే తాహతు ఎక్కడిది? సిమెంటు, ఇసుక, కంకర కలిపి డబ్బాల్లో పోసి, మధ్యలో పైపు గుచ్చి ఆరబెట్టాడు. రెండు కిలోల మొక్కజొన్న పట్టే టిన్ను నిండా కాంక్రీటు పోస్తే అయిదు కిలోలు తూగుతుందని ఎవరో మేస్త్రీ చెప్పాడట. అతని భార్య నెకెసా ఆ షెడ్డు ముందే మొక్కజొన్నలు అమ్మేది. ఆవిడ టిన్నే తీసుకుని కొలిచాడు. అన్నిటికన్నా పెద్ద బరువుకి అటు పదిహేను టిన్నులు, ఇటు పదిహేను. దాని మీద ఎర్రరంగుతో 150 అని రాశాడు.

దాన్ని తల మీదికి ఎత్తినవాడు ఈ పేట మొత్తానికి అతనొక్కడే. నేను ఛాతీ దాకా తెచ్చి నాలుక కరుచుకున్నాను. నేను మటాటు వ్యాను కండక్టర్ని. రోజంతా డోరు పట్టుకుని వేలాడి, సాయంత్రం అక్కడికి వెళ్ళేవాణ్ణి. "ఒరేయ్, తిండి తినకుండా వచ్చావా? పో, ఉగాలి ముద్ద మింగి రా, ముందు" అని గుమ్మంలోంచే తరిమేవాడు. తాగి వచ్చినవాణ్ణి చెవి పట్టుకుని బయట కూర్చోబెట్టేవాడు. మాలో సగం మంది దొంగలం కాకుండా మిగిలామంటే అది ఆ షెడ్డు చలవే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఈ మార్చిలో స్థలం యజమాని అయిదంతస్తులు లేపుతానన్నాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు.

ఆ తరవాత నాలుగో రోజు పక్క వీధి బడి హెడ్‌మాస్టరు వచ్చాడు. "మా వెనక స్థలం ఖాళీగానే ఉందయ్యా. బరువులు తెచ్చుకో, మా పిల్లలకు నేర్పు" అన్నాడు. మా వాడికి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళబోతూ హెడ్‌మాస్టరు ఎర్ర అంకె చూసి నవ్వాడు. "ఇది నిజంగా నూటయాభయ్యేనా?"

ఆయన సరదాకే అన్నాడు. ఒళ్ళు మండింది నాకు. "రేపు కాటా మీద పెట్టి చూపిస్తాం సార్" అన్నాను. ఆ క్షణాన నా నోరు పడిపోయినా బాగుండేది.

నెకెసా నన్ను పక్కకు పిలిచింది. "ఎందుకయ్యా ఇప్పుడా తూకాలు? ఆయనేదో ఊరికే అన్నాడు."

"అన్న పరువు సంగతి వదినా!"

"పరువు గురించే నేనూ చెప్తున్నా" అంది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

మర్నాడు ఆరుగురం కలిసి దాన్ని తోపుడుబండి మీదికెక్కించి గిటోంగా పాత ఇనుము కొట్టుకు తోసుకెళ్ళాం. వెనక జనం.

"నా కాటా విరిగిందంటే నిన్నే తుక్కు కింద అమ్మేస్తా నూటయాభై!" అన్నాడు గిటోంగా.

"నన్ను తూచే కాటా నీ దగ్గరెక్కడిదిరా!" అని అతను నవ్వాడు. అతను నవ్వగా చూడటం నాకదే ఆఖరు.

కాటా నూట ఇరవై ఒకటి చూపించింది.

గిటోంగా కాటాను చేత్తో తట్టాడు. బరువు దింపి, యాభై కిలోల సిమెంటు బస్తా పెట్టి చూశాడు. సరిగ్గా యాభై. "ఇంకోసారి పెట్టండిరా" అన్నాడు నూటయాభై. మళ్ళీ పెట్టాం. నూట ఇరవై ఒకటే. జనంలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అతను నేరుగా నెకెసా దగ్గరికి వెళ్ళి టిన్ను తిరగేశాడు. గింజలు తక్కువ పట్టేలా అడుగు సుత్తితో లోపలికి కొట్టి ఉంది. బజారులో అందరి టిన్నులూ అంతే. ఆ సంగతి తెలియనివాడు మా పేటలో అతనొక్కడే కాబోలు.

"ఎప్పటినుంచి?"

"మన పెళ్ళికి ముందునుంచీ. మా అమ్మ కొట్టింది."

"నేను సిమెంటు కొలుస్తుంటే చూస్తూనే ఉన్నావు కదే!"

"చూశాను. టిన్నులు లెక్కపెడుతూ పాట పాడుకుంటున్నావయ్యా. ఎలా చెప్పను? తరవాత నువ్వు దాన్ని ఎత్తేశావు. పేటంతా నిన్ను భుజాల మీద తిప్పింది. ఇంక చెప్పే నోరేదీ నాకు?"

హెడ్‌మాస్టరు స్వయంగా వచ్చి బతిమాలాడు. నూట ఇరవై మాత్రం తక్కువా అన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"పిల్లలకు ఏ మొహంతో నేర్పనురా?" అన్నాడు అతను నాతో. "అయిదు కిలోలని చెప్పి అందరికీ నాలుగు కిలోలు అంటగట్టాను. అరవై ఎత్తానని నువ్వు మీ అమ్మకు ఫోన్ చేశావు, గుర్తుందా?"

"గుర్తుందన్నా."

"అది నలభై ఎనిమిదిరా."

మా అమ్మ ఆ మాట ఊరంతా చెప్పుకుంది. చెప్పుకుంటూనే పోయింది.

అతను నెలాఖరు దాకా కూడా ఆగలేదు. సమ్మెట తీసుకుని అన్నిటినీ తనే పగలగొట్టాడు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రోజంతా ఆ చప్పుడు వింటూ బయట నిలబడ్డాం. ఇప్పుడక్కడ పునాదుల గొయ్యి ఉంది. ఆ ముక్కలు అందులోనే పోశారు.

నెకెసా ఇప్పుడు సందు చివర అమ్ముకుంటోంది. అతనే కొలుస్తాడు. టిన్ను అడుగు కొట్టి సాపు చేశాడు. నిన్న వెళ్ళాను. పలకరిద్దామంటే ఏ పేరుతో పిలవాలో తోచలేదు. "రెండు టిన్నులు" అన్నాను.

తల ఎత్తకుండా రెండు టిన్నులు నిండుగా కొలిచి నా సంచిలో పోశాడు. ఇంకో గుప్పెడు వేశాడు. మరో గుప్పెడు.

"చాలన్నా" అన్నాను.

"తక్కువే ఉండి ఉంటుంది" అన్నాడు. సంచి నిండి గింజలు నేల మీద పడుతున్నా వేస్తూనే ఉన్నాడు. నెకెసా అటు తిరిగి కూర్చుంది.