శామ్యూల్ ట్యాంకు నాలుగు గళ్ళు

ఇవాళ మా అబ్బాయి ఫోన్‌లో యుద్ధం ఆట చూశాను. వేలితో తాకితే చాలు, ట్యాంకు దానంతటదే లెక్క ప్రకారం నడుస్తోంది.

మన రోజుల్లో అట్ట మీద ఆడేవాళ్ళం, గుర్తుందా? సిపాయిలకి వంతుకి రెండు గళ్ళు, ట్యాంకుకి నాలుగు. నది దాటాలంటే ఒక వంతు ఆగాలి. పటమటలో మా పక్కింటి శామ్యూల్‌కి ఆ రూల్సన్నీ కంఠతా వచ్చు. వాడికి కండరాలు చచ్చుబడే జబ్బు. మందు లేదన్నారు డాక్టర్లు. ఏడో తరగతిలో కాళ్ళు, ఎనిమిదిలో చేతులు పడిపోయాయి. నీలగిరి తైలం వాసన వేసే ఆ గదిలో వాడు మంచం మీద నుంచి చెబుతుంటే, వాడి ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకుల్ని కూడా నేనే జరిపేదాన్ని.

ఒకరోజు ఓడిపోతానని తెలిసి, వాడి ట్యాంకుని మూడు గళ్ళే జరిపాను.

"నాలుగు చెప్పాను రాజీ."

"నాలుగే జరిపాను. నువ్వు సరిగ్గా చూళ్ళేదు."

వాడు కదలని తన చేతికేసి చూసుకున్నాడు. "సరేలే, ఇంక నువ్వే ఆడుకో" అన్నాడు.

మళ్ళీ ఆడలేదు. నేను రోజూ వెళ్ళి ఆడదామని అడిగాను కానీ, తప్పు చేశానని మాత్రం ఒప్పుకోలేదు. ఆ వేసవిలోనే వాడు పోయాడు.

సమాధుల తోట నుంచి వచ్చాక, వాళ్ళమ్మ మేరీ ఆంటీ నా తల నిమిరారు. "చేతులు పోయాయని నేను ఏడిస్తే, రాజీ ఉందిగా మమ్మీ అనేవాడమ్మా" అన్నారు.

మూడు గళ్ళే జరిపిన సంగతి ఆరోజు ఆంటీకి చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆంటీ కూడా లేరు.